చచ్చినవారి కండ్లు చారెడేనా?

చావు కబురు చెప్పడానికి మన తెలుగులో వున్నన్ని మాటలు మరో కబురు చెప్పడానికి వున్నట్టు తోచదు. పోయినవారు వైష్ణవులైతే పరమపదించారంటాం. శైవులైతే శివైక్యం చెందారంటాం. క్రైస్తవులైతే ప్రభువునందు నిద్రించారంటాం. వుద్యమాల్లో తిరిగినవారైతే అమరులయ్యారంటాం. యివేవీ కాని మామూలు మనిషైతే తుదిశ్వాస విడిచారంటాం. యిన్ని మాటలు పోగుచేసుకున్న మనకి, ఆ మనిషి ఎందువల్ల పోయాడు అన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం రెండే జవాబులు మిగిలాయి. ఒకటి "హఠాన్మరణం". రెండోది "కొంతకాలంగా అనారోగ్యంతో బాధపడుతూ".

పోనీ, అది పాతకాలపు పత్రికా మర్యాద అని సరిపెట్టుకుందామా అంటే, కొత్తకాలం కూడా ఆ దారినే నడుస్తోంది. మా బోయిగూడలో యిప్పుడు శ్రద్ధాంజలి అంటే ఫ్లెక్సీ. కమాను దగ్గర ఒకటి, బన్సీలాల్‌పేటకి తిరిగేచోట ఒకటి, కరెంటు స్తంభాలకి కట్టి వుంటాయి. పోయినవాడి నవ్వుమొహం, దానికో బొమ్మ దండ, పక్కన బొమ్మ దీపం, కింద "శ్రద్ధాంజలి ఘటించువారు" అంటూ యిరవై ముప్ఫై మంది చిన్నచిన్న ఫోటోలు. జననం, మరణం అని రెండు తేదీలుంటాయి. ఒకదాన్లోంచి ఒకటి తీసేసి చూడండి. డెబ్భైలు, ఎనభైలు వస్తాయి, నిజమే. కాని ముప్ఫై ఎనిమిదులూ, నలభై రెండులూ కూడా వస్తాయి. ఫ్లెక్సీ మీద "అకాల మరణం" అని వుంటుంది. పది అడుగుల దూరంలో వున్న ఛాయ్ హోటల్లో సంభాషణ మాత్రం వేరు.

"ఎట్ల పోయిండే?"

"ఎట్లేంది? పొద్దుగాల లేస్తె సీసానేనాయె. లివరు పాడైంది."

అంటే కారణం తెలియక కాదు. అందరికీ తెలుసు. తెలిసినది ఛాయ్ దగ్గర చెప్పుకోవడానికే గాని అచ్చులో పెట్టడానికి కాదని మనలో మనకొక ఒప్పందం. చచ్చినవారి కండ్లు చారెడు అన్న సామెత వూరికే పుట్టలేదు. బతికివుండగా వాడి కళ్ళెలా వున్నాయో చూడని వాళ్ళం, పోయాక చారెడని కొలిచి చెబుతాం.

యీ గొడవ కాలేజీ సంచికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మన సంచికలో కూడా ప్రతి యేడూ నల్లగీతల మధ్య ఒక పేజీ వుంటుంది గనుక. ఆ యేడు మనని విడిచిపోయిన అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు, ఆఫీసు సిబ్బంది, ఒక్కోసారి మనతోపాటు అదే బెంచీమీద కూర్చున్నవాళ్ళు. పేరు, చదివిన సంవత్సరం, "వారి ఆత్మకు శాంతి కలుగుగాక". అంతే. ఆ పేజీలో ఏం రాయాలో నిర్ణయించేది ఏ పత్రికాధిపతీ కాదు, ఏ మంత్రీ కాదు. మనమే. గనుక మొహమాటం లేకుండా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక మనిషి మరణానికి అతని అలవాటు కారణమైతే ఆ సంగతి శ్రద్ధాంజలిలో రాయాలి. అయితే ఎవరి అనుమతితో, ఏ మాటల్లో, ఎంతవరకు అన్నది తేల్చుకుని రాయాలి. యీ రెండో వాక్యాన్ని వదిలేసి మొదటిదాన్ని మాత్రమే పట్టుకుంటే మాత్రం ప్రమాదం.

ముందు ప్రభుత్వం యీ విషయంలో ఏం చేసిందో చూద్దాం. యింట్లో ఎవరైనా పోతే నమోదు చేయించాలి. దానికి మరణ నివేదిక అని ఒక ఫారం వుంది, రెండో నంబరు ఫారం. 2000 సంవత్సరం నుంచి వాడుకలోకి వచ్చిన ఆ ఫారంలో, పేరూ వయసూ చిరునామా అన్నీ అయ్యాక, చివర నాలుగు ప్రశ్నలు పెట్టారు. పొగతాగే అలవాటు వుంటే ఎన్నేళ్ళుగా? పొగాకు నమిలే అలవాటు వుంటే ఎన్నేళ్ళుగా? వక్కగాని, పాన్ మసాలాగాని నమిలే అలవాటు వుంటే ఎన్నేళ్ళుగా? మద్యం తాగే అలవాటు వుంటే ఎన్నేళ్ళుగా? వుందా లేదా అని అడిగి వూరుకోలేదు, ఎన్నేళ్ళు అని అడిగారు. తండ్రిని కాటికి పంపి వచ్చిన కొడుకుని కూడా యీ మాట అడగడం అవసరమేనని సర్కారు అనుకుందన్నమాట.

అదే ఫారం రెండు భాగాలుగా వుంటుంది. ఒకటి చట్టం కోసం, రెండోది లెక్కల కోసం. యీ నాలుగు ప్రశ్నలూ రెండో భాగంలో వున్నాయి. ఆ భాగాన్ని విడదీసి గణాంకాల శాఖకి పంపుతారు. యింటికి వచ్చే మరణ ధ్రువపత్రంలో వాటి జాడ వుండదు. అంతేకాదు, 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షను ప్రకారం, రిజిస్టరులో రాసిన మరణ కారణాన్ని బయటివాళ్ళకిచ్చే నకలులో చూపించకూడదు. 2023లో చేసిన సవరణతో ఆస్పత్రివాళ్ళు కారణం రాసిన పత్రం ఒక ప్రతిని దగ్గరి బంధువుకి యివ్వాలన్నారు. బంధువుకి, వీధికి కాదు.

యిందులో నాకు రెండు పాఠాలు కనిపిస్తున్నాయి. అలవాటుకీ చావుకీ వున్న సంబంధం సమాజానికి తెలియాల్సిన విషయమన్నది మొదటిది. ఫలానా మనిషి పేరుతో కలిపి దాన్ని చాటే హక్కు మాత్రం దారిన పోయేవాడికి లేదన్నది రెండోది. చట్టం రెంటినీ పక్కపక్కన పెట్టింది. మనం రెండో పాఠం మాత్రమే నేర్చుకుని మొదటిదాన్ని గాలికొదిలేశాం.

యింకో చిన్న సంగతి. డాక్టర్లు నింపే మరణకారణ పత్రంలో ఒక సూచన వుంటుంది. చావుకి దారితీసిన జబ్బునిగాని గాయాన్నిగాని రాయండి, గుండె ఆగడంలాంటి చనిపోయే తీరుని రాయకండి అని. నిజమే గదా! గుండె ఆగకుండా పోయినవాడు ప్రపంచంలో ఎవడున్నాడు? డాక్టరు రాస్తే చెల్లని మాటనే మనం రోజూ పత్రికల్లో అచ్చువేసుకుంటున్నాం.

యిలా దాచడం మనకొక్కరికే వున్న జబ్బు కాదు. బ్రిటన్ రాజు ఆరో జార్జి గట్టిగా సిగరెట్లు తాగేవాడు. 1951 సెప్టెంబరులో ఆయన ఎడమ వూపిరితిత్తి తీసేశారు. జబ్బు కాన్సరు. ప్రజలకి చెప్పిన మాట మాత్రం వూపిరితిత్తిలో "నిర్మాణపరమైన మార్పులు" అని. రాజుగారికి కూడా అసలు మాట చెప్పలేదంటారు. 1952 ఫిబ్రవరి 6న నిద్రలోనే పోయాడు, యాభై ఆరేళ్ళకి. పొగకీ వూపిరితిత్తుల కాన్సరుకీ వున్న లంకెని రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే యిద్దరు 1950లోనే ఆ దేశపు వైద్య పత్రికలో అచ్చువేశారు. ప్రతి యింటా రేడియో ముందు కూర్చున్న ప్రజకి ఆ రెండు వార్తలూ ఒక్కచోట కలిపి చెప్పివుంటే, వైద్య పత్రిక చెయ్యలేని పని రాజుగారి చావు చేసివుండేది.

దీనికి విరుద్ధంగా నడిచినవాడు యూల్ బ్రిన్నర్ అనే హాలీవుడ్ నటుడు. 1985 అక్టోబరు 10న వూపిరితిత్తుల కాన్సరుతో పోయాడు. అంతకు కొన్ని నెలల ముందు ఒక టెలివిజన్ ముఖాముఖిలో, తాను పోయాక జనానికి పొగతాగవద్దని చెప్పాలనుందని అన్నాడు. ఆయన పోయాక అమెరికా కాన్సర్ సొసైటీ ఆ ముక్కనే ప్రకటనగా ప్రసారం చేసింది. తన శ్రద్ధాంజలిని తానే చదువుకున్న మనిషి అతను. అందులో ఎవరికీ అవమానం కనిపించలేదు. ఎందుకంటే చెప్పింది వూరు కాదు, ఆయనే.

మనవాళ్ళలో శ్రీశ్రీని తీసుకోండి. 1983 జూన్ 15న మద్రాసులో కాన్సరుతో పోయాడు. ఆయన తన తాగుడు సంగతి దాచుకున్న మనిషి కాదు. "అనంతం" అని తన జీవిత కథ తానే రాసుకుని అందులో తన బలహీనతలన్నీ బయట పెట్టుకున్నాడు. దాంతో ఆయన కవిత్వం ఒక్క చరణమైనా చిన్నబోయిందా? ఆయన్ని నిందించదలచినవాళ్ళకి కొత్తగా చెప్పడానికేమీ మిగలకుండా పోయింది, అంతే.

యిప్పుడు రెండో వైపు చూడాలి. నా వాదనకి నిజంగా ఎదురునిలిచేది సావిత్రి కథ.

1981 డిసెంబరు 26న ఆమె పోయింది. అంతకుముందు పందొమ్మిది నెలలపాటు స్పృహలేకుండా పడివుంది. మద్యం, మధుమేహం కలిసి ఆమెని ఆ స్థితికి తెచ్చాయన్నది అందరికీ తెలిసిన విషయం. ఆమె విషయంలో ఎవరూ దాచలేదు. దాచకపోగా, నలభై ఏళ్ళపాటు అదే చెప్పుకున్నాం. 2018లో "మహానటి" సినిమా వచ్చాక కూడా, హాలు బయట ఆమె నటన గురించి మాట్లాడినవాళ్ళెందరో, ఆమె గ్లాసు గురించి మాట్లాడినవాళ్ళూ అందరు వున్నారు. అదే పరిశ్రమలో, అదే వీధుల్లో, అంతే తాగి పోయిన మగవాళ్ళు లేరా? వాళ్ళందరికీ "గుండెపోటు" దక్కింది. ఆడది గనుక ఈమెకి మాత్రం అసలు కారణం దక్కింది.

అంటే అలవాటు గురించి రాయడమే న్యాయం అని గుడ్డిగా అనడానికి వీల్లేదు. రాయడంలో కూడా పక్షపాతం వుంటుంది. మగవాడి తాగుడు "సరదా", ఆడదాని తాగుడు "పతనం". ధనవంతుడి లివరు "అనారోగ్యం", కూలివాడి లివరు "తాగి తాగి చచ్చాడు". శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్ళు చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు దాన్ని. దానివల్ల అంగిట్లో పుండు పడి కాన్సరయ్యేవాళ్ళని డాక్టర్లు దశాబ్దాలుగా పరిశీలించి రాశారు. ఆ ముసలమ్మల కొలతలు వైద్య గ్రంథాల్లో వున్నాయి. వాళ్ళ పేర్లు ఏ పత్రికలోనూ శ్రద్ధాంజలిగా వచ్చివుండవు. కొందరికి కారణం లేని గౌరవం, కొందరికి గౌరవం లేని కారణం! యీ రెండూ తప్పే.

మా యింట్లో జరిగింది కూడా చెబుతాను. మా పెద్దనాయన రైల్వేలో ఫిట్టరు. యిరవై ఏళ్ళు గుట్కా, ఖైనీ నమిలాడు. యాభై రెండో ఏట దవడ కాన్సరు వచ్చింది. ఆపరేషన్లు, కరెంటు పెట్టడాలు అన్నీ అయ్యి పద్నాలుగు నెలలకి పోయాడు. ఆ పద్నాలుగు నెలల్లో ఆయన మొహానికి గుడ్డ కట్టుకుని యింట్లో దాక్కోలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, చేతిలో పొట్లం వున్న పిల్లలు కనబడితే పిలిచి, గుడ్డ తీసి చూపించేవాడు. మాట సరిగ్గా వచ్చేది కాదు. "గిది జూడు బిడ్డా" అన్నంతవరకు అర్థమయ్యేది. ఆ తరవాత మాటలు అవసరం లేకపోయేది.

ఆయన పోయాక దశదినకర్మ పత్రికలో "స్వల్ప అస్వస్థతతో" అని అచ్చయింది. పద్నాలుగు నెలల నరకం స్వల్పమట! నేను పెద్దమ్మని అడిగాను, నిజం రాస్తే ఏమవుతుందని. ఆమె కోప్పడలేదు. "ముప్ఫై ఏండ్లు షెడ్డుల పనిజేసిండు బిడ్డా. ముగ్గురు పోరగాండ్లను సదివిచ్చిండు. తమ్మునికి పెండ్లి జేసిండు. గా కాగితం మీద గుట్కా ఒక్కటే మిగలాల్నా?" అంది.

ఆమె మాటకి జవాబు చెప్పకుండా యీ విషయంలో ఎవరూ ముందుకు పోలేరు. జాగ్రత్తగా వినండి. ఆమె అభ్యంతరం "గుట్కా" అన్న మాట మీద కాదు, "ఒక్కటే" అన్న మాట మీద. రెండు వాక్యాల ప్రకటనలో ఒక వాక్యం గుట్కాకి పోతే, మనిషికి మిగిలేది ఒక వాక్యమే. అందుచేత ఆమె దాన్ని కొట్టేసింది. కాని దాంతోపాటు ఆయన అరుగు మీద కూర్చుని చేసిన పని కూడా కొట్టుకుపోయింది. ఆ పని ఆయన జీవితంలో చేసిన మంచి పనుల్లో ఒకటి. గుట్కా పేరెత్తకుండా ఆ మంచి పని గురించి చెప్పడం సాధ్యమా?

యింకొక అభ్యంతరం వుంది. ఫలానా చావుకి ఫలానా అలవాటే కారణమని నువ్వెలా చెప్పగలవు? తొంభై ఏళ్ళు చుట్ట తాగి బతికిన తాతలు లేరా? ఒక్క వక్కపలుకు కూడా ముట్టని మనిషికి కాన్సరు రాలేదా? యిది సరైన ప్రశ్న. లెక్కలు సమూహాల గురించి చెబుతాయి, ఒక్క మనిషి గురించి కాదు. దేశంలో పొగాకువల్ల ఏడాదికి 13 లక్షలకు పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ 13 లక్షల్లో మీ మామయ్య వున్నాడో లేదో ఆ లెక్క చెప్పదు. అందుకే శ్రద్ధాంజలి రాసేవాడు తీర్పరి కాకూడదు. "గుట్కా చంపింది" అని రాయనక్కర్లేదు. "యిరవై ఏళ్ళు గుట్కా నమిలారు, దవడ కాన్సరుతో పోయారు" అని రెండు నిజాలు పక్కపక్కన పెడితే చాలు. కలుపుకోవడం చదివేవాడికి వదిలెయ్యాలి. చదివేవాడు తెలివితక్కువవాడు కాడు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. అలవాటు అలవాటు అంటున్నావు, ఆ అలవాటు అమ్మినవాళ్ళ సంగతేమిటి? పోయినవాడి పేరు రాసి, అమ్మినవాడి పేరు వదిలేస్తే అది శ్రద్ధాంజలి కాదు, నేరారోపణ.

ఒప్పుకుంటాను. మా బోయిగూడనుంచి ఎంతో దూరంలేని ఆజామాబాద్‌లో సిగరెట్ల ఫ్యాక్టరీ పేరు మీదనే ఒక చౌరస్తా వుంది. బస్సు కండక్టర్లు యిప్పటికీ వీ.ఎస్.టి. అనే అరుస్తారు. ఆ ఫ్యాక్టరీ కూలితో పిల్లల్ని డిగ్రీ దాకా చదివించుకున్న కుటుంబాలు మన కాలేజీలోనూ వుండే వుంటాయి. గుంటూరులో 1976లో పొగాకు బోర్డు పెట్టింది సర్కారే. 2003లో పొగాకు ప్రకటనల్ని నిషేధిస్తూ చట్టం చేసిందీ సర్కారే. మద్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకి లాటరీ తీస్తే, లక్షా ముప్ఫైవేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకి తిరిగిరాని రుసుం 2 లక్షల రూపాయలు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకి రెండువేల ఆరువందల కోట్లు! లివరు పాడై పోయినవాడి ఫ్లెక్సీ మీద యీ అంకెకి కూడా చోటుండాలని ఎవరైనా అంటే కాదనలేం.

కాని గమనించండి. అమ్మేవాడిని బయటికి లాగాలన్నా, ముందు చావుకి కారణం బయటికి రావాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చేసింది యిదే. సారా మా యిళ్ళని యిలా చేసింది అని రోశమ్మ, ఆమె తోటివాళ్ళు నడివీధిలో నిలబడి చెప్పారు. మా పరువేం కానని కడుపులో దాచుకునివుంటే ఆ వుద్యమం లేదు. వాళ్ళు నోరు విప్పాక పరువు పోయింది మొగుళ్ళది కాదు, సారా పాటదారులది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారన్నది వేరే కథ. నేను చెప్పొచ్చేదేమంటే, "అనారోగ్యంతో" అన్న మాటవల్ల లాభం పొందుతున్నది పోయినవాడు కాదు. ఆ మాట దుకాణానికి పెట్టని గోడ.

అలవాటుని లెక్కలోకి తీసుకుంటే పనినీ, వుండే చోటునీ కూడా తీసుకోవాలి. 2022 మార్చి 23 తెల్లవారుజామున మా బోయిగూడలోనే తుక్కు గోదాములో మంటలు లేచి, పైన పడుకున్న బీహారు కూలీలు పదకొండుమంది పోయారు. వాళ్ళకి ఏ చెడు అలవాటూ అంటగట్టలేం. సరుకు మధ్య నిద్రపోవలసి రావడమే వాళ్ళ అలవాటు. వాళ్ళ చావుకి కారణం పత్రికలు దాచలేదు, ఎందుకంటే దాచమని అడిగే బంధువులు యీ వూళ్ళో లేరు. పెద్దమనిషి చావైతే మర్యాద, కూలి చావైతే వార్త. నల్లగీతల పేజీ యీ తేడాని చెరిపెయ్యగలిగితే అదే పెద్ద పని.

సిగ్గు అనేది రాయిమీద చెక్కిన శాసనం కాదు. ఒకప్పుడు క్షయ అంటే సంబంధాలు తప్పిపోతాయని చెప్పేవారు కాదు. కాన్సరు అనకుండా "పెద్ద జబ్బు" అనేవారు. 2020లో మా పక్కనే వున్న గాంధీ ఆస్పత్రిని పూర్తిగా కరోనా ఆస్పత్రి చేసినప్పుడు, మొదటి నెలల్లో ఫలానా యింట్లో కరోనా అంటే ఆ గల్లీలోంచి నడిచేవారు కాదు, పోయినవాళ్ళ జబ్బు పేరు బయటికి రానిచ్చేవారు కాదు. మరుసటి యేడు వచ్చేసరికి ఆ మాటని మామూలుగా రాసుకున్నాం. ఏడాదిలో మారింది జబ్బు కాదు, సిగ్గు.

అయితే ప్రకటనలు చాలవా, శ్రద్ధాంజలే కావాలా అని అడగవచ్చు. ముఖేశ్ హరానే అనే మహారాష్ట్ర కుర్రవాడు గుట్కా నమిలి నోటి కాన్సరుతో 2009లో ఇరవై నాలుగేళ్ళకే పోయాడు. అతని మాటల్ని సినిమా హాళ్ళలో చాలాకాలం చూపించారు. మనమేం చేశాం? ఆ గొంతుని అనుకరించి నవ్వుకున్నాం. పొగ గురించిన మరో ప్రకటనలోని మాట 2018లో ఏకంగా ఒక తెలుగు హాస్య చిత్రానికి పేరయింది. కుర్రకారుని తిట్టి లాభం లేదు. ముక్కూమొహం తెలియని మనిషి చావుని పదిసార్లు చూపిస్తే ఎవరికైనా అది పాటలాగా అలవాటవుతుంది. మనకి లెక్కలు చెప్పిన లెక్చరరు, హాల్‌టికెట్టు మీద ముద్రవేసిన గుమాస్తా, మనతో క్రికెట్టు ఆడిన సీనియరు పోతే నవ్వలేం. అందుచేత యీ మాట చెప్పవలసింది వెండితెర కాదు, మన పేజీ.

దీనికి మన చదువరుల వయసు కూడా కారణమే. యిందాక చెప్పిన రిచర్డ్ డాల్, తోటివాళ్ళు 34 వేలమందికి పైగా బ్రిటిష్ మగ డాక్టర్లని 1951 నుంచి యాభై ఏళ్ళు పరిశీలించి 2004లో ఫలితాలు చెప్పారు. జీవితాంతం సిగరెట్టు తాగినవాళ్ళు తాగనివాళ్ళకంటే సగటున పదేళ్ళు ముందు పోయారు. అరవైలో మానినవాళ్ళకి మూడేళ్ళు తిరిగొచ్చాయి. యాభైలో మానితే ఆరు. నలభైలో మానితే తొమ్మిది. ముప్ఫైలోపల మానినవాళ్ళకి దాదాపు పదికి పదీ తిరిగొచ్చాయి. యీ సంచిక చదివే విద్యార్థుల్లో ముప్ఫై దాటినవాళ్ళు ఎంతమంది? పోయినవారిని గురించి రాసే నాలుగు వాక్యాలు పోయినవారికి పనికిరావు. ఆ పేజీ తిప్పే చేతికి పనికొస్తాయి.

గనుక నా సూచనలు యివి.

మొదటిది, మనిషి మాటే మొదటి మాట. పూర్వ విద్యార్థుల సంఘం సభ్యత్వ కాగితం మీద, "నా తరవాత నా గురించి ఏమేమి రాయవచ్చు" అన్న ఒక గడి పెట్టాలి. బతికివుండగా అడగడం అపశకునం అనేవాళ్ళు జీవిత బీమా కాగితం మీద ఎలా సంతకం పెట్టారో ఆలోచించుకోవాలి.

రెండోది, ఆ మాట లేనప్పుడు యింటివాళ్ళ అనుమతి. వాళ్ళు వద్దంటే వద్దు. బతిమాలకూడదు. కాని వాళ్ళు వద్దన్నప్పుడు "స్వల్ప అస్వస్థత", "హఠాన్మరణం" అని అబద్ధం కూడా మనం వెయ్యకూడదు. కారణం రాయకుండా వూరుకోవడం మర్యాద. లేని కారణం రాయడం మర్యాద కాదు.

మూడోది, భాష. "వ్యసనపరుడు", "బానిస", "చేజేతులా" లాంటి మాటలు నిషేధం. ఎన్నేళ్ళు అలవాటు, ఏ జబ్బు, ఎన్నిసార్లు మానడానికి ప్రయత్నించారు. చివరిది తప్పక రాయాలి. ఆరుసార్లు మాని ఆరుసార్లు ఓడిపోయినవాడు ప్రయత్నించనివాడికంటే గొప్పవాడు. ఆడవారికీ మగవారికీ, ప్రిన్సిపాలుకీ ప్యూనుకీ ఒకే కొలత.

నాలుగోది, అలవాటుకి ఒక్క వాక్యం. మిగతా జీవితానికి కనీసం అయిదు వాక్యాలు. పెద్దమ్మ అడిగిన "ఒక్కటే" అన్న ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు యిదే.

అయిదోది, కొన్ని సంగతులు ఎవరడిగినా రాయకూడదు. ఆత్మహత్య చేసుకున్న తీరు రాయకూడదు. అది చదివినవాడికి మేలు చెయ్యదు, కీడు చేస్తుంది. హెచ్.ఐ.వి. విషయంలో 2017 చట్టమే గోప్యత విధించింది. ఛాయ్ హోటల్లో విన్నది రాయకూడదు. డాక్టరు కాగితం లేని కారణం కారణం కాదు.

యిలా రాస్తే మా పెద్దనాయన గురించి ఎలా వుండేది? "రైల్వేలో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా పనిచేశారు. ముగ్గురు పిల్లల్ని చదివించారు. తమ్ముడికి పెళ్ళి చేశారు. ఇంజను శబ్దం విని లోపం చెప్పేవారు. పండగనాడు గల్లీ అంతటికీ వండించేవారు. యిరవై ఏళ్ళు గుట్కా నమిలారు. దవడ కాన్సరుతో పోయారు. పోయేముందు పద్నాలుగు నెలలు ఆ సంగతే పిల్లలకి చెప్పారు." యిందులో ఏ వాక్యం తీసేస్తే ఆయన గౌరవం పెరుగుతుందో నాకు కనిపించలేదు. యీ ముక్కలు పెద్దమ్మకి చదివి వినిపించాకే, ఆమె సరేనన్నాకే, పేరు లేకుండా యిక్కడ వేస్తున్నాను.

యీ యేటి నల్లగీతల పేజీ ఎలాగూ అచ్చుకి వెళ్ళిపోయింది. వచ్చే యేటి యూనియన్ కార్యవర్గం తన మొదటి సమావేశంలోనే యీ అయిదు సూచనల్నీ చర్చకి పెట్టాలనీ, అధ్యాపకులూ పూర్వ విద్యార్థులూ అందులో పాల్గొనాలనీ కోరుతున్నాను. కాదనేవాళ్ళు ఎందుకు కాదో యిదే సంచికలో రాయాలి.